కొండల నడుమ ఏకాంత తీరం, రాతి మడుగులు: ఎప్పుడు దిగాలి, ఎప్పుడు వెనుదిరగాలి?

తీరబాట:
సభ్యులందరికీ నమస్కారం. వచ్చే వారం మా కుటుంబం జనసంచారం పెద్దగా లేని ఒక సముద్రతీరానికి వెళ్లాలని అనుకుంటోంది. అది అర్ధచంద్రాకారంలో ఉన్న చిన్న ఒంపు. వెనుక నిటారుగా లేచిన కొండ, రెండు పక్కలా సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొండకొమ్ములు, దిగడానికి ఒకే ఒక్క కాలిబాట ఉన్నాయి. ఆ బాట తీరానికి ఉత్తరపు చివర దిగుతుంది. మేము చూడాలనుకుంటున్న రాతి మడుగులు దక్షిణపు కొమ్ముకు అవతల పరచుకున్న బండల మీద ఉన్నాయి. నీరు బాగా తగ్గినప్పుడు మాత్రమే ఆ కొమ్మును చుట్టి అవతలికి నడిచి వెళ్లగలమని విన్నాను.

మేము వెళ్లే రోజున ఆటుపోట్ల పట్టిక ప్రకారం కనిష్ఠ నీటిమట్టం ఉదయం 10.40కి 0.4 మీటర్లు, గరిష్ఠ మట్టం సాయంత్రం 4.50కి 4.0 మీటర్లు. పదిన్నరకల్లా అక్కడికి చేరుకుంటే సరిపోతుందా? పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు మాతో ఉంటారు. మడుగుల్లోని జీవులను వారికి తీరికగా చూపించాలన్నదే మా ప్రధాన ఉద్దేశం.

ఉప్పుగాలి:
తీరబాట గారూ, పదిన్నర అంటే ఆలస్యమే. అప్పటికి నీరు తగ్గడం దాదాపు పూర్తయిపోతుంది కనుక, మీరు మడుగుల దగ్గర గడిపే సమయమంతా సముద్రం మీ వైపు వస్తున్న సమయమే అవుతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య కాలిబాట దిగి, కొమ్ముకు ఇవతలే ఆగి, దాని పాదాన్ని నీరు ఎప్పుడు వదులుతుందో చూడండి. ఆ సమయాన్ని రాసి పెట్టుకోండి, ఎందుకంటే తిరుగు ప్రయాణానికి గడువు అందులోనే దొరుకుతుంది. 9.30కి అక్కడి రాళ్లు బయటపడ్డాయని అనుకుందాం. అది కనిష్ఠ మట్టానికి 70 నిమిషాల ముందు. కాబట్టి ఆ తర్వాత ఇంచుమించు 70 నిమిషాలకు, అంటే 11.50 ప్రాంతంలో, నీరు మళ్లీ అదే చోటిని కప్పేస్తుంది. మీరు మాత్రం పిల్లలతో సహా 11.10కే కొమ్ము దాటి ఇవతలికి వచ్చేయాలి.

నీరు ఒకే వేగంతో పెరగదన్నది రెండో విషయం. నావికులు వాడే పన్నెండో వంతుల లెక్క ఒకటి ఉంది. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య తేడాను పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి చొప్పున నీరు పెరుగుతుంది. మీరు ఇచ్చిన అంకెల ప్రకారం తేడా 3.6 మీటర్లు, కనుక ఒక్కో భాగం 30 సెంటీమీటర్లు. మొదటి గంటలో నీరు 30 సెంటీమీటర్లు పెరిగితే ఎవరికీ పట్టదు. ఆ నింపాదిని చూసి ‘ఇంకా చాలా సమయం ఉంది’ అనుకుంటాం. మూడో గంటలో అదే నీరు 90 సెంటీమీటర్లు పెరుగుతుంది. పదేళ్లలోపు పిల్లవాడికి అది నడుము దాటిన లోతు.

లెక్కలమాస్టారు:
ఉప్పుగాలి గారి సలహా మంచిదే. అయితే ఆ లెక్క అన్ని తీరాలకూ వర్తించదని చెప్పకపోతే ఈ చర్చను చదివే మరొకరు ఇబ్బందిలో పడతారు. సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి చొప్పున, రోజుకు రెండు పోట్లు క్రమంగా వచ్చే తీరాలకే అది సరిపోతుంది. మెక్సికో సింధుశాఖలోని కొన్ని భాగాల్లో రోజుకు ఒకే పోటు వస్తుంది. మధ్యధరా తీరంలో చాలా చోట్ల హెచ్చుతగ్గు అర మీటరు కూడా ఉండదు. కెనడాలోని ఫండీ అఖాతంలో అది సుమారు 16 మీటర్ల దాకా వెళుతుంది. నదీముఖాల దగ్గర, ఇరుకైన అఖాతాల్లో నీరు తగ్గడానికి పట్టేంత సమయం పెరగడానికి పట్టదు. అలాంటి చోట ‘ముందు 70 నిమిషాలైతే తర్వాతా 70 నిమిషాలే’ అన్న ఊహ చెల్లదు.

పట్టికలోని అంకె జోస్యం మాత్రమే, కొలత కాదు. సూర్యచంద్రుల గమనాన్ని బట్టి కట్టిన లెక్కకు ఆ రోజు గాలి, వాతావరణ పీడనం తెలియవు. పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సముద్రమట్టం ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అల్పపీడనం పట్టిన రోజున పీడనం 25 హెక్టోపాస్కల్‌లు తగ్గిందంటే పాతిక సెంటీమీటర్ల నీరు పట్టికలో లేకుండానే వచ్చి చేరినట్లు. దానికి తోడు సముద్రం నుంచి ఒడ్డుకు బలమైన గాలి వీస్తే నీరు అనుకున్నంత వెనక్కి తగ్గదు. వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే దేశాల్లో కొన్ని పట్టికలు ఆ మార్పు లేకుండానే అచ్చవుతాయి కనుక, అందులోని సమయం ఏ గడియారానిదో కూడా చూసుకోవాలి. అక్కడ గంట తేడా వస్తే మిగతా లెక్కలన్నీ ఎంత జాగ్రత్తగా వేసినా ఫలితం ఉండదు.

శిలాపాఠి:
ఇంతవరకు అందరూ నీటి గురించే మాట్లాడారు, వెనుక ఉన్న కొండ సంగతి ఎవరూ ఎత్తలేదు. తీరానికి రాగానే జనం మొదట చేసే పని సంచులు తెచ్చి కొండ పాదాన, నీడ ఉన్న చోట పెట్టుకోవడం. ఆ తీరం మొత్తంలో కూర్చోకూడని చోటు ఏదైనా ఉంటే అది అదే.

అలలు కొండను అడుగున కోస్తాయి. పోటు నీరు తాకే ఎత్తులో రాయి లోపలికి గుంటపడి, పైభాగం ముందుకు వేలాడుతూ మిగిలిపోతుంది. ఒక స్థాయి దాటాక ఆ బరువును మోసే ఆధారం లేక చరియ విరిగిపడుతుంది. మీరు చూడబోయే చదునైన బండ కూడా అలా పుట్టిందే కావచ్చు. కొండ వెనక్కి తగ్గుతూ పోగా మిగిలిన పీఠం అది. కొండ ఏడాదికి సగటున ఇన్ని సెంటీమీటర్లు కోతకు గురవుతోందని చదివి నిశ్చింతగా ఉండేవారున్నారు. ఏళ్ల తరబడి కదలని కొండ ఒక్క రాత్రిలో మీటర్ల కొద్దీ జారిపోతే, సగటు తీసినప్పుడు సెంటీమీటర్లే వస్తాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా తీరంలో లండన్ బ్రిడ్జ్ అనే పేరున్న రాతి తోరణం 1990 జనవరిలో కూలినప్పుడు ఇద్దరు సందర్శకులు అవతలి ముక్క మీద చిక్కుకుపోతే హెలికాప్టర్‌తో దించవలసి వచ్చింది. మాల్టాలో ఎంతో పేరున్న అజూర్ విండో 2017 మార్చిలో తుఫాను గాలుల్లో పూర్తిగా సముద్రంలో కలిసిపోయింది.

కొండను చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పాదాన పడి ఉన్న రాళ్లను చూడండి. అంచులు పదునుగా, రంగు తాజాగా, నాచు గానీ బార్నకిళ్లు (రాతికి అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు) గానీ పట్టకుండా ఉంటే అవి ఈ మధ్యనే పడినవి. కొండ ముఖం మీద చుట్టుపక్కల కంటే లేత రంగు మచ్చ కనిపిస్తే ఆ రాళ్లు ఊడివచ్చింది అక్కడినుంచే. పగుళ్లలోంచి నీరు ఊరుతున్నా, పైనుంచి గులకరాళ్లు అప్పుడప్పుడూ రాలుతున్నా ఆ భాగానికి దూరంగా జరగాలి. పెద్ద వాన కురిసిన తర్వాత కొన్ని రోజులపాటు ఇలాంటి తీరాల జోలికి పోకపోవడమే మేలు. వాన వెలిసి ఎండ కాసినా లోపలికి ఇంకిన నీరు అంత త్వరగా బయటికి పోదు. పైన నిలబడి ఫొటోలు తీసుకునేవారికి కూడా ఒక మాట: అంచున పచ్చగా కనిపించే గడ్డి కింద నేల ఉందన్న హామీ ఏమీ లేదు.

తీరబాట:
చాలా విలువైన సమాచారం ఇచ్చారు, ధన్యవాదాలు. ఒక సందేహం. ఎంత జాగ్రత్త పడినా కొమ్ముకు అవతల చిక్కుకుపోయామే అనుకోండి, కొండ మరీ అంత ఎత్తు కాదు కనుక ఎక్కి బయటపడవచ్చా?

దీపస్తంభం:
ఆ ఆలోచనను ఇంటి దగ్గరే విడిచిపెట్టి వెళ్లండి. తీరపు కొండ రాయి పట్టు దొరికినట్లే దొరికి చేతిలోకి ఊడివస్తుంది, పైకి పోయేకొద్దీ మట్టి వదులుగా ఉంటుంది, ఎక్కినంత సులువుగా దిగడం కుదరదు. సగం ఎత్తులో ఆగిపోయిన మనిషిని కాపాడటం ఒడ్డున నిలబడ్డ మనిషిని కాపాడటం కంటే చాలా కష్టం. నీటిలో దిగి కొమ్ము చుట్టూ ఈదిపోదామనుకోవడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే కొమ్ముల దగ్గరే ప్రవాహం వడిగా ఉంటుంది, అల మనిషిని రాతికేసి కొడుతుంది. చిక్కుకున్నారని తెలిసిన వెంటనే, నీరు ఇంకా దూరంగా ఉండగానే, అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. తర్వాత పోటు గీతకు పైన, రాళ్లు రాలని చోట నిలబడి వేచి ఉండాలి. కొండల అడుగున ఫోన్‌కు సిగ్నల్ అందకపోవచ్చు. అందుకే ఎక్కడికి వెళుతున్నారో, ఎన్ని గంటలకల్లా పైకి వస్తారో, రాకపోతే ఎవరికి కబురు చేయాలో ఒడ్డున ఉన్న ఒకరికి ముందే చెప్పి వెళ్లాలి.

పోటు గీతను ఎలా గుర్తుపట్టాలని అడుగుతారేమో. కొట్టుకొచ్చిన ఎండు నాచు, పుల్లలు వరుసగా పడి ఉన్న చోటు ఇటీవలి పోటు హద్దు. ఆ వరుస కొండ పాదాన్ని ఆనుకుని ఉన్నా, అసలు వరుసే లేకుండా ఇసుక కొండదాకా తడిగా ఉన్నా, పోటు సమయంలో అక్కడ నిలబడటానికి జాగా ఉండదని అర్థం. రాళ్ల మీదైతే బార్నకిళ్లు ఎంత ఎత్తు వరకు ఉన్నాయో చూడండి. నీరు అంతవరకూ తరచుగా వస్తుందని అవే చెబుతాయి.

నీరు ఎప్పుడూ ఎదురుగానే వస్తుందనుకోకండి. ఇసుక తీరం సాధారణంగా సమతలంగా ఉండదు. మధ్యలో దిబ్బ, దాని వెనుక, అంటే కొండ వైపు, పల్లం ఉంటాయి. నీరు ఒక పక్కనుంచి ఆ పల్లంలోకి ముందుగా చేరి, దిబ్బ మీద ఉన్నవారికి తెలియకుండానే వెనుక దారిని మూసేస్తుంది. కాబట్టి ఎవరో ఒకరు ప్రతి పావుగంటకూ వెనక్కి తిరిగి, వచ్చిన దారి ఎలా ఉందో చూస్తూ ఉండాలి. పిల్లలకు పీతలు చూపిస్తున్నవారికి ఆ పని అప్పగించవద్దు.

నత్తగుల్ల:
భయపెట్టే సంగతులు అయ్యాయి కనుక, అసలు చూడటానికి వెళుతున్న వాటి గురించి నేను రాస్తాను.

ముందుగా చూడటం ఎలాగో చెబుతాను. మడుగు దగ్గరికి వెళ్లిన క్షణంలో ఏమీ కనిపించదు. మీ నీడ నీటి మీద పడగానే కదిలేవన్నీ దాక్కుంటాయి. సూర్యుడు ఎదురుగా ఉండేలా, నీడ వెనక్కి పడేలా కూర్చుని, కొన్ని నిమిషాలు కదలకుండా ఉండండి. నీటిపై మెరుపు అడ్డొస్తే పోలరైజ్డ్ కళ్లద్దాలు బాగా పనికొస్తాయి. కాసేపటికి గుల్ల ఒకటి నడవడం మొదలుపెడుతుంది. అది నత్త కాదు, ఖాళీ గుల్లలో కాపురముంటున్న సన్యాసి పీత. రాతి రంగులోనే ఉన్న చిన్న చేప ఒకటి తోక కదిపి జాగా మారుస్తుంది. నీరు లేని చోట ముద్దగా, ఎర్రని జిగురు బొట్టులా రాతికి అంటుకుని ఉన్నది సీ అనెమొనీ. అదే జీవి నీటిలో ఉంటే రేకులన్నీ విచ్చుకుని వేటాడుతూ ఉంటుంది.

పిల్లలకు లింపెట్‌ను తప్పక చూపించండి. రాతికి అతుక్కున్న చిన్న శంఖాకారపు చిప్ప అది, మొదటి చూపులో ఎవరినీ ఆకర్షించదు. నీరు కప్పినప్పుడు అది కదులుతూ వెళ్లి, రాతి మీది నాచును గీరి తింటుంది. నీరు పోయేలోగా, చాలా జాతుల్లో, తన పాత చోటికే తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి ఒకే చోట ఒకే దిశలో కూర్చోవడం వల్ల చిప్ప అంచు ఆ రాతి ఎగుడుదిగుడులకు అచ్చంగా సరిపోతుంది, మెత్తని రాయి అయితే రాతికే వలయాకారపు గంటు పడుతుంది. ఆ అమరిక వల్లే ఎండలో కూడా లోపలి తేమ బయటికి పోదు. ఖాళీగా ఉన్న గుండ్రని గంటు ఎక్కడైనా కనిపిస్తే, దాని యజమాని ఇక లేదని అనుకోవచ్చు. లింపెట్ పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. అప్పటికి పరీక్షించిన జీవపదార్థాలన్నిటిలోకీ అదే దృఢమైనదని పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించారు.

బార్నకిల్ కూడా తీసిపారేయదగినది కాదు. తలను రాతికి అతికించుకుని, కాళ్లను పైకి చాపి, వాటితోనే నీటిలోని ఆహారాన్ని లోపలికి తోసుకునే జీవి అది, పీతలకు చుట్టం. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా వాటి అధ్యయనంలోనే గడిపాడు. నీటిలో మునిగి ఉన్న బార్నకిళ్ల మీదికి వంగి చూస్తే, ఈకల వంటి కాళ్లు లయగా బయటికీ లోపలికీ ఆడటం మామూలు కంటికే కనబడుతుంది.

రెండు మడుగులను పోల్చి చూడమని కూడా పిల్లలతో చెప్పండి. ఒకటి పైన పోటు గీత దగ్గర, మరొకటి కింద నీటి అంచున ఎంచుకోండి. పైమడుగులోకి సముద్రం ఎప్పుడో గాని రాదు. ఎండకు నీరు వేడెక్కి, ఆవిరై, ఉప్పదనం పెరుగుతుంది. వాన పడితే అదే మడుగు చప్పబడుతుంది. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఇన్ని ఒడిదుడుకులు తట్టుకునేవి కొన్నే కనుక అక్కడ జాతులు తక్కువ. కింది మడుగులో నీరు తరచుగా మారుతుంది కాబట్టి గులాబీ రంగు సున్నపు నాచు, సముద్ర నక్షత్రాలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు కనిపిస్తాయి.

చిరుజల్లు:
నత్తగుల్ల గారు రాసింది చదువుతుంటే ఇప్పుడే బయలుదేరాలనిపిస్తోంది. ఒక్క విషయంలో స్పష్టత కావాలి. దేనినీ ముట్టుకోకూడదని కొందరు గట్టిగా చెబుతారు. ముట్టుకోకుండా పిల్లలకు ఆసక్తి ఎలా కలుగుతుంది? గాజు పెట్టెలో చూసినట్లే చూసేటట్లయితే అంత దూరం నడవడం దేనికి?

నత్తగుల్ల:
పూర్తి నిషేధం నాకూ రుచించదు. ఉన్నచోటనే, తడి వేలితో, మెల్లగా తాకితే అధిక భాగం జీవులకు నష్టం లేదు. చేతికి రాసుకున్న సన్‌స్క్రీన్‌ను ముందుగా కడుక్కోవాలి. ఊడబెరకడం మాత్రం వద్దు. సముద్ర నక్షత్రాన్ని రాతి నుంచి లాగితే దాని గొట్టపు కాళ్లు తెగిపోతాయి. లింపెట్‌ను తన్ని కదిపితే చిప్ప అంచు విరిగి, తర్వాత అది ఎండకు తాళలేదు. రాయిని ఎత్తి చూస్తే నిదానంగా, ఎత్తినట్లే తిరిగి పెట్టాలి. నాచు ఉన్న ముఖం పైకే ఉండాలి. చీకటికీ తేమకూ అలవాటుపడి రాతి అడుగున బతికేవి బోర్లించిన రాయి మీద ఎండకు గంటలోపే చచ్చిపోవచ్చు. ఇక బకెట్‌లో వేసుకుని ఒడ్డంతా తిప్పడం, ఇంటికి తేవడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క జీవి పోతే ఏమవుతుందిలే అనేవారికి జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ ప్రయోగం జవాబు చెబుతుంది. ఆయన 1963లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు తీరంలో ఒక బండ మీది సముద్ర నక్షత్రాలన్నిటినీ తీసి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చారు. వాటికి ఆహారమైన మసెల్ ఆల్చిప్పలు తమను అదుపు చేసేది లేక బండను ఆక్రమించాయి. అక్కడ లెక్కించిన 15 జాతులు 8కి పడిపోయాయి. కీలక జాతి (తాను పోతే చుట్టూ ఉన్న జీవుల అమరికే మారిపోయే జాతి) అన్న భావనను ఆయన 1969లో ప్రతిపాదించింది ఈ పరిశీలనల ఆధారంగానే.

దీపస్తంభం:
ముట్టుకునే విషయంలో తీరాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని తీరాల్లో నీలి వలయాల ఆక్టోపస్ రాతి మడుగుల్లోనే ఉంటుంది. అరచేతిలో ఇమిడేంత చిన్నది. దాని కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు, విషం మాత్రం ఊపిరి తీసే కండరాలను స్తంభింపజేస్తుంది. ఆ విషానికి విరుగుడు లేదు. ఆసుపత్రికి చేరేదాకా కృత్రిమ శ్వాస అందించడమే ప్రాణం నిలుపుతుంది. అందమైన శంఖాకారపు కోన్ నత్తలు కూడా విషపు ముల్లు విసురుతాయి. అలాంటి తీరాల్లో పిల్లలను సందుల్లో వేళ్లు పెట్టనివ్వకూడదు, పేరు తెలియని దాన్ని చేతికి తీసుకోనివ్వకూడదు.

పాదరక్షల విషయం: మడమకు పట్టీ ఉండి, అడుగు భాగం గరుకుగా ఉన్నవి వేసుకోండి. పచ్చని నాచు, నల్లగా నునుపుగా మెరిసే పొర రెండూ జారుతాయి. బార్నకిళ్లు ఉన్న రాయి పట్టు ఇస్తుంది గానీ తొక్కితే అవి చితికిపోతాయి, పడితే చర్మం చీల్చేస్తాయి. వట్టి రాయి దొరికిన చోట దాని మీదే అడుగు వేయండి.

తీరబాట:
అందరి సలహాలనూ చేర్చి ప్రణాళిక మార్చుకున్నాను. 8.45కి కాలిబాట దిగుతాము. సంచులు కొండ పాదాన కాకుండా ఒంపు మధ్యలో, చరియల నీడ పడని చోట పెడతాము. కొమ్ము పాదం బయటపడిన సమయం రాసుకున్నాకే అవతలికి వెళతాము. వెనుక దారిని చూసే బాధ్యత మా బావగారిది. ఆయనకు పీతల మీద ఏ ఆసక్తీ లేదు. 11.10కి అందరం ఇవతల ఉంటాము. మా అత్తయ్యగారు మోకాళ్ల నొప్పుల వల్ల కిందికి దిగరు కనుక, పన్నెండున్నరకు మేము పైన కనిపించకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆవిడకు రాసి ఇస్తాను. ఇంకేమైనా మరచిపోయానా?

ఉప్పుగాలి:
అలల సూచన. ఆటుపోట్ల పట్టికలో అలల ఊసే ఉండదు. ఎత్తు ఎంతో చూసి ఊరుకోకుండా, ఒక అలకూ మరో అలకూ మధ్య ఎన్ని సెకన్లు ఉన్నాయో కూడా చూడండి. దూరపు తుఫానులో పుట్టిన అలలు 14, 15 సెకన్ల ఎడంతో వచ్చే రోజున సముద్రం చాలాసేపు ప్రశాంతంగా కనిపించి, తర్వాత వరుసగా కొన్ని పెద్ద అలలు బండ మీదికి ఎంతో పైదాకా దూసుకొస్తాయి. అందుకని బండ మీద కాలు పెట్టే ముందు ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఒడ్డున నిలబడి చూడాలి. ఆ సమయంలో తడిసిన రాళ్లకు కింద మీరు ఉండకూడదు, సముద్రానికి వీపు పెట్టి కూర్చోకూడదు.

తీరబాట:
ఆ రోజు అలలు పెద్దవిగా ఉంటే రద్దు చేసుకోక తప్పదన్నమాట. పిల్లలు నిరాశపడతారు. అయినా మళ్లీ ఇంత అనుకూలమైన రోజు ఎప్పుడు దొరుకుతుందో ఎలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు:
దానికి ఎక్కువ కాలం ఆగనక్కర్లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలుస్తాయి కనుక, చాలా తీరాల్లో ఆ తిథుల తర్వాత ఒకటి రెండు రోజులకు నీరు అన్నిటికంటే ఎక్కువగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో వెళితే హెచ్చుతగ్గు చాలా తక్కువ, కొమ్ము పాదం అసలు బయటపడకనే పోవచ్చు. మీలాగే రోజుకు రెండు పోట్లు వచ్చే తీరంలో, ఈ పెద్ద ఆటు ప్రతిసారీ ఇంచుమించు అదే గడియకు పడుతుంది. మీకు ఈసారి అది ఉదయం పదిన్నర ప్రాంతంలో వచ్చిందంటే, సుమారు 15 రోజుల తర్వాత కూడా దాదాపు ఆ వేళకే వస్తుంది. మధ్య రోజుల్లో అది రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, మర్నాటికో ఆ మర్నాటికో వాయిదా వేసుకున్నా కుదురుతుంది, కాకపోతే బయలుదేరే సమయాన్నీ, ఆ 11.10 గడువునూ కొత్త పట్టిక ప్రకారం మళ్లీ లెక్క కట్టుకోండి.